రామాంజనేయులుగారి కొక్కెం కాంటా

రామాంజనేయులుగారు ఏ వస్తువు మీద రాసిన బరువునూ నమ్మరు. తూచి చూస్తారు. ఆయన గురించి ఇంకేం తెలియకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్క ముక్క తెలిస్తే మనిషి మొత్తం తెలిసినట్టే.

తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పుట్టింది అనంతపురం జిల్లాలో, స్థిరపడింది హఫీజ్‌పేట్‌లో, రైల్వేస్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో. ప్రభుత్వం ఆయన్ను ఉద్యోగంలోంచి పంపించింది గానీ ఆయన ఉద్యోగాన్ని పంపించలేదు. ఇప్పటికీ ప్యాంటు కుడి జేబులో అరచేతంత కొక్కెం కాంటా ఉంటుంది. అది యాభై కిలోల దాకా తూస్తుంది. పొద్దున్నే స్నానం కాగానే ఒక ఇత్తడి కిలో రాయిని ఆ కొక్కేనికి తగిలిస్తారు. కాంటా సరిగ్గా వెయ్యి గ్రాములు చూపిస్తేనే కాఫీ. ఒకరోజు అది మూడు గ్రాములు తేడా చూపించిందట. దాన్ని విప్పి, తుడిచి, బ్యాటరీ మార్చి, మళ్ళీ వెయ్యి చూపించేసరికి మధ్యాహ్నం రెండున్నరయింది. ఆ రోజు కాఫీ రెండున్నరకే తాగారని ఆయన భార్య అనసూయమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషి ఆ అపార్ట్‌మెంటు గేటు దగ్గరికి రాగానే దేవుడికి దండం పెట్టుకుంటాడు. బిర్యానీ పార్సిల్ తెచ్చినవాళ్ళు ఆయన గుమ్మం ముందు ఐదు నిమిషాలు నిలబడాలి. మూడో అంతస్తులో ఒకావిడకు పాప పుడితే చూడ్డానికి వెళ్ళి, "ఎంతుంది పాప?" అని అడిగారు. "రెండు కిలోల తొమ్మిది వందలని దవాఖానలో చెప్పిన్రు సార్" అంది అమ్మమ్మ. "ఎవరు తూచినారు?" అంటూ ఈయన చెయ్యి జేబులోకి పోయింది. ఆ అమ్మమ్మ పాపను ఎత్తుకుని లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

అందరికంటే ఎక్కువ అవస్థ కూరగాయల బండి రత్నమ్మది. వారానికి మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ గొడవే.

"కిలో అన్నావు. ఇది తొమ్మిది వందల అరవై."

"నలభై గ్రాముల కోసం గింత లొల్లి ఎందుకు సార్? పొద్దు పొద్దుగాల!"

"నలభై గ్రాములు పోతే పోయినాయి, మాట పోయింది కదా."

రత్నమ్మ గొణుక్కుంటూ ఇంకో టమాటా వేసేది. ఒకరోజు మొండిగా ముందే రెండు ఎక్కువ వేసింది. రామాంజనేయులుగారు తూచి, ఒకటి తీసి బండిలో పెట్టేశారు. రత్నమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఎక్కువొస్తే సప్పుడు జెయ్యక తీస్కపోతరు గని, వాపస్ ఇస్తరా ఎవరన్న?"

"ఎక్కువైనా తక్కువైనా దొంగ తూకమే."

ఈ మాట ఆ అపార్ట్‌మెంటులో పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చు.

ఇలాంటి మనిషికి ఎదురింట్లో యశస్విని ఉండటం వాళ్ళిద్దరి అదృష్టం. ఆమెకు ఇరవై ఆరేళ్ళు. ఆ అపార్ట్‌మెంటు లేచింది వాళ్ళ తాతల నాటి జాగాలోనే. పని హైటెక్ సిటీలో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం. "మనిద్దరిదీ ఒకటే డిపార్ట్‌మెంటమ్మా" అని రామాంజనేయులుగారు ఆమెను దగ్గరికి తీశారు. తప్పులు పట్టేవాళ్ళకు స్నేహితులు తక్కువ కాబట్టి ఆమె కూడా ఆయన్ను వదల్లేదు.

యశస్విని బరువులెత్తుతుంది. నేల మీదున్న ఇనుప బార్‌ను వంగి పట్టుకుని, నిటారుగా లేచి నిలబడాలి. డెడ్‌లిఫ్ట్ అంటారు. చూడ్డానికి ఇంతే. కాలేజీ రోజుల్లో మొదలుపెట్టి తొంభై ఐదు కిలోల దాకా వచ్చింది. రెండేళ్ళ కిందట జిల్లా పోటీల్లో నూరు కిలోలు పెట్టారు. మొదటిసారి కదల్లేదు. రెండోసారి కదల్లేదు. మూడోసారి బార్ మోకాళ్ళ దాకా వచ్చి, వేళ్ళు విడిపోయి, ఆమె వెల్లకిలా పడింది. నలుగురి ముందూ పడింది పడినట్టే వీడియో తీశారు. వెళ్ళే జిమ్ము గ్రూపులో, అక్కణ్ణుంచి ఆఫీసు గ్రూపులో అది తిరిగింది. కింద నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి.

అప్పటినుంచి ఆ జిమ్ము గడప తొక్కలేదు. బరువులు మాత్రం మానలేదు. వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ జిల్లా పోటీలు. ఆమె ఒళ్ళు బరువు వాళ్ళల్లో నూట ఐదు ఎత్తినవాళ్ళనే రాష్ట్ర పోటీలకు తీసుకుంటారు. "ఈసారి గిట్ట కాకపోతే ఇగ బంద్, అమ్మా. బార్ అమ్మేస్తా" అంది తల్లి భాగ్యమ్మతో.

"అమ్మేయి బిడ్డా. నూరు కిలోలు ఎత్తుమని ఆఫీసుల అడుగుతున్నరా నిన్ను?" అంది భాగ్యమ్మ. కానీ ఆ వారమే సెల్లారులో జనరేటర్ పక్కనున్న స్టోర్ రూమ్ ఖాళీ చేయించి, తనే చీపురు పట్టి బూజు దులిపింది.

బార్ ఉంది, గది ఉంది, బార్‌కు రెండు వైపులా తొడిగే ఇనుప ప్లేట్లు కావాలి. యశస్విని ఫోన్‌లో ఆర్డరు పెట్టబోతుంటే రామాంజనేయులుగారు చూశారు.

"ఇరవై కిలోలని రాసినారు. ఎవరు తూచినారు?"

"కంపెనీ వాళ్ళు తూచి ఉంటరు అంకుల్."

"ఉంటరు! ఉంటరంటే నడుము నీది, వాళ్ళది కాదు. కుడివైపు ఇరవై, ఎడమవైపు పంతొమ్మిది ఉంటే బార్ యాడికి వంగుతుంది? పద, ఆదివారం బాలానగర్ పోదాం."

బాలానగర్ సందులో సంతోష్ అనే ముప్ఫై ఏళ్ళ మనిషి దుకాణం. నవ్వు మొహం, ఎవర్నైనా మేడం అనే నోరు. లోపల డంబెల్సు, బార్లు, గోడ వారన దొంతరలు దొంతరలుగా ప్లేట్లు.

"మేడం, రబ్బరు తొడుగుయి చూడున్రి, కలర్ కలర్ ఉన్నయి. మస్తు నడుస్తున్నయి."

"రబ్బరు కింద ఏముందో చూసినోళ్ళెవరు?" అన్నారు రామాంజనేయులుగారు. "పోత ఇనుము చూపించు నాయనా. ఇనుము ఏదీ దాచుకోలేదు."

ఆయన చొక్కా చేతులు మడిచి నేల మీద కూర్చున్నారు. ఒక్కో ప్లేటును నిలబెట్టి చిన్న స్పానరుతో తట్టి చెవి దగ్గర పెట్టి విన్నారు. ఖంగుమంటే పక్కన పెట్టారు. బొంగురుగా మోగితే, "దీంట్లో గాలి బుడగ ఉంది. పుట్టీ పెట్టి రంగేసినారు" అని తోసేశారు. మధ్య రంధ్రం చుట్టూ బొటనవేలు తిప్పి, వదులుగా ఉన్నవాటిని తోసేశారు. రెండేసి ప్లేట్లను ముఖాముఖి ఆనించి, మధ్యలో వెలుతురు కనబడితే వాటినీ తోసేశారు. ఇంత వడపోత అయ్యాక కాంటా బయటికి వచ్చింది.

"ఇరవై అని పోత పోసినావు. ఇది పంతొమ్మిదిన్నర కూడా లేదు."

"పోత ఇనుము సార్. మూడు నాలుగు శాతం అటో ఇటో ఉంటది. అందరికీ తెలుసు."

"సరే. అటు ఎన్ని ఉన్నాయో, ఇటు ఎన్ని ఉన్నాయో చూద్దాం పా."

పన్నెండు తూచారు. పన్నెండూ ఇటే, తక్కువ వైపే. సంతోష్ మొహం చిన్నదైంది. ఇంకో మూల నుంచి దుమ్ము పట్టిన నాలుగు ప్లేట్లు లాక్కొచ్చాడు. వాటిలో ఇరవై కిలోలవి రెండూ ఇరవై ఒకటీ నాలుగు వందలు తూగాయి. పదిహేను కిలోలవి రెండూ పదహారు కిలోల వంద.

"అగో సార్, అటు! ఎక్కువున్నయి. కస్టమర్‌కే లాభం. గివే తీస్కోన్రి, అదే రేటు."

రామాంజనేయులుగారు ఆ నాలుగింటినీ తేలును తోసినట్టు స్పానరుతో అవతలికి తోశారు. "ఎక్కువైనా తక్కువైనా..." అని ఆయన మొదలుపెడితే యశస్వినే పూర్తి చేసింది.

అలా మూడు ఆదివారాలు. మొత్తం నలభై ఒక్క ప్లేట్లు తూచి, తగిన పది ఎంచారు. రెండో ఆదివారానికి సంతోష్ ఆయనకోసం స్టూలు తెచ్చి వేశాడు. మూడో ఆదివారం టీ తెప్పించి, "సార్, ఆ చప్పుడు ఎట్ల వినాలె, జర నాకు కూడ చెప్పున్రి" అని పక్కన కూర్చున్నాడు. ప్లేట్లు ఇంటికొచ్చాక రామాంజనేయులుగారు తెల్లరంగుతో ఒక్కోదాని మీద అసలు తూకం గుండ్రటి అంకెలతో రాశారు. 20.02. 19.98. 15.01. 14.99. గ్రాము తేడా వచ్చినా తన పేరు పోతుందన్నంత శ్రద్ధగా, నాలుక కొస బయట పెట్టి మరీ రాశారు.

రోజూ ఉదయం ఆరింటికి యశస్విని సెల్లారులోకి దిగేది. కాఫీ గ్లాసుతో రామాంజనేయులుగారు వచ్చి గడపలో కూర్చునేవారు. లెక్క ఆయనది, ఎత్తడం ఆమెది. తొంభై ఐదు ఒక్కసారి కాదు, వరసగా మూడుసార్లు లేచేది. నూరు పెడితే మాత్రం బార్‌కు వేళ్ళు తగిలీ తగలగానే చెమటలు పట్టేవి. బార్ అంగుళం లేచేది, వేళ్ళు విడిపోయేవి.

"మధ్యలో ఉండేది ఐదు కిలోలేనమ్మా. మీ అమ్మ బియ్యం డబ్బాలో గరిటెలు పోసినట్టు."

"అయిదు కిలోలు కాదంకుల్. అది నూరు. నూరు అని చూడంగనే కింద పడ్డదే యాదికొస్తది."

డిసెంబరు చివర్లో ఒకరోజు నాలుగుసార్లు ప్రయత్నించి, నాలుగుసార్లూ వదిలేసి, జనరేటర్‌కు వీపు ఆనించి కూర్చుని ఏడ్చింది. ఇంక పోటీల దాకా నూరు ముట్టుకోనంది. రామాంజనేయులుగారికి ఓదార్చడం రాదు. ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు రకరకాల బరువులు తూచారు గానీ, రాసిన అంకె తూకం కంటే బరువుగా ఉండటం ఆయన అదే మొదటిసారి చూడ్డం. ఆ పిల్ల తల ఎత్తేసరికి ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయారు. కోపం వచ్చిందేమోననుకుని యశస్విని ఇంకాస్త బాధపడింది.

జనవరి మొదటివారంలో ఆయన నాలుగు ప్లేట్లు మార్చుకొచ్చారు. "పాతవాటికి అంచుల్లో తుప్పు పడుతోందమ్మా. సంతోష్ దగ్గర మార్చినాను" అన్నారు. నిజమే, తుప్పు ఉంది. కొత్తవాటి మీద కూడా తెల్లరంగు అంకెలు ఉన్నాయి. యశస్విని అంతకంటే చూడలేదు.

అసలు వింత ఆ రోజునుంచే మొదలైంది. రామాంజనేయులుగారు తూచడం మానేశారు.

మొదట గమనించింది రత్నమ్మ. కిలో టమాటాలు సంచిలో పోయించుకుని, డబ్బులిచ్చి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారట. రత్నమ్మ బండి అక్కడే వదిలి భాగ్యమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, సార్‌కు ఏమైంది? కాంటా తియ్యలె. కిరికిరి పెట్టలె. నేనే పరేషానయ్యి పిలిచి ఇంకో టమాట ఏసిన. 'సరేలేమ్మా' అని పోయిండు. సరేలేమ్మా అంటడా ఆ సార్ ఎన్నడన్న?"

గ్యాస్ మనిషి సిలిండర్ దించి, అలవాటు ప్రకారం చేతులు కట్టుకుని పావుగంట నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. దిగులుగా వెళ్ళిపోయాడు. అపార్ట్‌మెంటు గ్రూపులో సలహాలు మొదలయ్యాయి. షుగరేమో అన్నారొకరు. మతిమరుపు ఇలాగే మొదలవుతుందని ఇంకొకరు. మూడో అంతస్తు అమ్మమ్మ జాలిపడి, పాపను స్వయంగా ఎత్తుకొచ్చి, "కావాలంటే తూచుకోన్రి సార్" అంది. ఆయన పాప బుగ్గ నిమిరి, "బాగుందిలేమ్మా" అన్నారు. ఆ కుటుంబం ఆ రోజంతా భయపడింది.

యశస్విని ఎదురింటికి వెళ్ళి అనసూయమ్మను పట్టుకుంది.

"ఆంటీ, అంకుల్ కాంటా యాడుంది?"

"పూజగదిలో. గుడ్డలో చుట్టి, లక్క కరిగించి సీలేసినాడు. కాంటా లేదు కాబట్టి పొద్దున పరీక్ష లేదు. పరీక్ష లేదు కాబట్టి కాఫీ లేదు. తలనొప్పని నెత్తికి తువ్వాలు కట్టుకుంటాడు, తాగమంటే తాగడు."

"ఎందుకంట?"

"నన్నడగొద్దు తల్లీ. నాతో సాక్షి సంతకం పెట్టించుకున్నాడు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఇట్లాంటి పని నాతో ఎప్పుడూ చేయించలా" అని అనసూయమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో యశస్వినికి అర్థం కాలేదు.

సెల్లారులో కూడా మనిషి మారాడు. గడపలో కూర్చుంటున్నారు గానీ చేతిలో గ్లాసు లేదు.

"అంకుల్, ఈ తొంభై అయిదు ఇయ్యాల జర ఎక్కువనిపిస్తుంది."

"ప్లేట్ల మీద ఏం రాసుందో చూసుకోమ్మా."

"ఇరవై, పదిహేను, రెండున్నర. రెండు దిక్కుల కలిపి డెబ్బై అయిదు, బార్ ఇరవై. తొంభై అయిదే ఉంది."

"మరింకేం. ఎత్తు."

మొదటి రోజు ఒక్కసారే లేచింది. తొంభై ఐదు కూడా తగ్గిపోతోందని ఆమె గుండె జారింది. వారం తిరిగేసరికి వరసగా రెండుసార్లు లేచింది. జనవరి చివరికి మళ్ళీ మూడుసార్లు. "పాత జాగకే వచ్చిన అంకుల్, ఒక్క అడుగు ముందుకు పడలె" అని దిగులుపడింది.  ఆయన జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి ఏదో రాసుకుని, కణతలు రుద్దుకుంటూ పైకి వెళ్ళారు.

పోటీలు ఫిబ్రవరి మూడో ఆదివారం, ఒక ఇండోర్ హాలులో. భాగ్యమ్మ మొదటి వరసలో కూర్చుని కళ్ళు మూసుకుంది, ఇంకా ఏమీ మొదలవకముందే. పక్కన అనసూయమ్మ, ఆ పక్కన రామాంజనేయులుగారు. స్టేజీ మీది రంగురంగుల ప్లేట్లను చూడగానే ఆయన చెయ్యి ఖాళీ జేబులోకి పోయి, తడుముకుని, బయటికి వచ్చింది.

ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. యశస్విని మొదటిది తొంభై కిలోలు. అది దూదిలా లేచింది. ఇంత తేలిగ్గా లేచిందేమిటా అని ఆశ్చర్యపోయింది కూడా. రెండోది నూరు అని బోర్డు మీద పడింది. ఆ అంకె చూడగానే పాత కథంతా తిరిగొచ్చింది. వెనక వరసల్లో ఎవరో ఫోను పైకెత్తారు. తెర పక్కన నిలబడి అరచేతులకు సుద్దపొడి పూసుకుంటుంటే పొడి తడిసి ముద్దయింది. ముందు ఇంకా ఇద్దరమ్మాయిలున్నారు.

"యశస్వినీ, ఇటు చూడమ్మా."

తాడు అవతల రామాంజనేయులుగారు. చేతిలో నాలుగు మడతల కాగితం. మొహం నేరం చేసి దొరికిపోయిన మనిషిలా ఉంది.

"అంకుల్, ఇప్పుడా?"

"ఇప్పుడే. చదువు."

ఆమె విప్పింది. ప్రభుత్వ దస్తూరీ, మార్జిన్ గీత, తేదీ, అన్నీ సక్రమంగా ఉన్నాయి. పైన 'పంచనామా' అని ఉంది.

'జనవరి ఆరవ తేదీ ఉదయం, రామాంజనేయులు అను నేను, మా ఎదురింటి కుమారి యశస్వినికి చెందిన నాలుగు ఇనుప ప్లేట్ల మీద వాటి అసలు తూకం కాని తూకమును స్వహస్తముతో రాసి, సదరు అమ్మాయిని మోసగించితిని. ఇరవై అని రాసినవి రెండూ ఒక్కొక్కటి ఇరవై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు. పదిహేను అని రాసినవి రెండూ ఒక్కొక్కటి పదహారు కిలోల వంద గ్రాములు. ఈ నేరమునకు గాను ముద్దాయి కాంటాను అదే రోజున జప్తు చేసి సీలు వేయడమైనది. సాక్షులు: అనసూయమ్మ, సంతోష్.'

యశస్విని రెండుసార్లు చదివింది. టెస్టరు బుర్ర కూడిక మొదలుపెట్టింది. ఒక్కో వైపు ఇరవై ఒకటీ నాలుగు వందలు, పదహారు కిలోల వంద, రెండున్నర. నలభై. రెండు వైపులా ఎనభై. బార్ ఇరవై.

"అంకుల్... అంటే మొన్న నేను మూడుసార్లు లేపింది..."

"నూరు. మూడుసార్లు. మొత్తం నలభై రోజుల్లో నువ్వు నూరు కిలోలు యాభై రెండుసార్లు ఎత్తినావు. తేదీలతో సహా రాసి పెట్టినాను" అని నోటు పుస్తకం చూపించారు. "ముందే చెప్పింటే ఎత్తేదానివా?"

"ఎత్తకపోయేదాన్ని."

"అందుకే దొంగ తూకం రాసినాను. నా చేత్తో. తప్పే. పో, నిన్ను పిలుస్తున్నారు."

ఆమెకు ఆ ప్లేట్ల మీది అంకెలు గుర్తొచ్చాయి. 20.00. 15.00. పోత ఇనుము ఎక్కడైనా అంత నున్నగా తూగుతుందా? రోజంతా ఇతరుల తప్పులు పట్టే తను, కళ్ళెదుట నలభై రోజులున్న తప్పు పట్టలేదు. అబద్ధమాడటం అలవాటు లేని మనిషి కాబట్టి ఆడేటప్పుడు మరీ శుభ్రంగా ఆడారు. ఆ తలనొప్పులు, ఆ తువ్వాలు, నలభై రోజులు తాగని కాఫీ కూడా గుర్తొచ్చాయి. కళ్ళు నిండాయి, వెంటనే నవ్వొచ్చింది. నవ్వుతూనే స్టేజీ ఎక్కింది.

బార్ ముందు కూడా నవ్వు ఆగలేదు. రిఫరీలు మొహమొహాలు చూసుకున్నారు. నూరు కిలోలు యాభై మూడోసారి లేచింది. దించాక బోర్డు వైపు చూసి, ఇన్నాళ్ళు భయపడింది దీనికా అనుకుంది.

మూడోది నూట ఐదు. దానికి మాత్రం నవ్వు రాలేదు. అది ఎవరి అబద్ధం వల్లా ముందే లేచిన బరువు కాదు. బార్ మోకాళ్ళ దగ్గర, సరిగ్గా రెండేళ్ళ కిందటి చోటనే, ఒక్క క్షణం ఆగింది. హాలులో భాగ్యమ్మ గొంతు ఒక్కటే వినబడింది. "వదలకు బిడ్డా!" వేళ్ళు విడిపోలేదు. నడుము లేచింది, భుజాలు వెనక్కి వెళ్ళాయి, రిఫరీలు ముగ్గురూ ఒప్పుకున్నట్టు మూడు తెల్ల దీపాలు వెలిగాయి. అంతదాకా కళ్ళు మూసుకునే అరిచిన భాగ్యమ్మ అప్పుడు కళ్ళు తెరిచింది.

మర్నాడు పొద్దున్నే యశస్విని మిఠాయి డబ్బాతో ఎదురింటికి వెళ్ళింది. రామాంజనేయులుగారు పూజగదిలోంచి గుడ్డ మూట తెచ్చి ఆమె ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏంది అంకుల్ గిది?"

"మోసపోయిన కొనుగోలుదారు నువ్వు. సీలు తియ్యాలన్నా, ఇంకో నలభై రోజులు పొడిగించాలన్నా నువ్వే చెప్పాల."

"తియ్యమ్మా తల్లీ" అని వంటింట్లోంచి అనసూయమ్మ కేకేసింది. "కాఫీ లేని ఈ మనిషితో నేను పడలేను."

యశస్విని లక్క పగలగొట్టింది. ఆయన ఇత్తడి రాయి తెచ్చి కొక్కేనికి తగిలించారు. ముగ్గురూ ముందుకు వంగి అంకె చూశారు. సరిగ్గా వెయ్యి. అనసూయమ్మ కాఫీ గ్లాసు అప్పటికే గుమ్మంలో ఉంది. మొదటి గుక్క తాగి ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి చూపు మిఠాయి డబ్బా మీద పడింది.

"అర్ధకిలో అని రాసినాడే?"

"అంకుల్! అది నేను సంతోషంగ తెచ్చిన మిఠాయి!"

"సంతోషం సంతోషమే, తూకం తూకమే" అంటూ కొక్కెం తగిలించారు. డబ్బాతో కలిపి నాలుగు వందల ఎనభై రెండు. "ఏ దుకాణం?" అని అడిగేసరికే కాళ్ళు చెప్పుల్లోకి వెళ్ళాయి. వాటిని లాక్కోవడానికి ఇద్దరాడవాళ్ళు కావలసివచ్చింది.

ఆ తరువాత తెల్లరంగు డబ్బాతో సెల్లారులోకి దిగారు. దొంగ అంకెలు చెరిపేస్తానన్నారు. యశస్విని ప్లేట్లకు అడ్డం నిలబడింది.

"గీ రాత చెరపనియ్య."

"తప్పు రాతమ్మా అది. ఉండకూడదు."

"నాకోసం రాసింది కదా. ఉండనియ్యున్రి."

ఆయన కుంచెను రంగులో ముంచారు. 20.00 జోలికి పోకుండా, దాని కిందే చిన్న అక్షరాలతో 21.40 అని అసలు తూకం వేసి, తేదీ వేసి, సంతకం చేశారు. నాలుక కొస బయటే ఉంది. యశస్విని మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే వీధిలోంచి రత్నమ్మ కేక వినిపించింది. కుంచె యశస్విని చేతిలో పెట్టి ఆయన బయటికి నడిచారు. రత్నమ్మ కిలో టమాటాలు తూచి, ఈ నలభై రోజుల అలవాటు ప్రకారం జాలిపడి, పైన ఇంకొకటి వేసి సంచి అందించింది. రామాంజనేయులుగారు జేబులోంచి కాంటా తీశారు. సంచి తగిలించి, కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశారు.

"ఎనభై గ్రాములు ఎక్కువుంది" అంటూ ఒక టమాటా తీసి బండిలో పెట్టారు. "ఎక్కువైనా తక్కువైనా దొంగ తూకమే."

రత్నమ్మ ఆ టమాటా వైపు చూసింది. ఆయన వైపు చూసింది. తరువాత మూడో అంతస్తు దాకా వినబడేటట్టు గొంతెత్తి అరిచింది.

"భాగ్యక్కా! ఓ భాగ్యక్కా! సార్ మంచిగైండే! మళ్ల లొల్లి పెడుతుండు!"